నగర శివారులో నిశ్చిందిపూర్

సత్యజిత్ రాయ్ తొలి చిత్రం 'పాథేర్ పాంచాలీ' 1955 మే నెలలో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో ప్రదర్శితమైంది. అదే సంవత్సరం ఆగస్టు 26న కలకత్తాలో విడుదలైంది. అప్పటి నుంచి ఆ చిత్రాన్ని గురించి వెలువడిన విమర్శ అపారం. అందులో పెద్ద భాగం ఒక విషయంలో మాత్రం ఏకాభిప్రాయంతో కనిపిస్తుంది. కాలస్పర్శ లేని మారుమూల భారతీయ గ్రామాన్ని ఆ చిత్రం ప్రపంచానికి చూపిందన్నది ఆ అభిప్రాయం. మెచ్చినవారు ఆ మాటే అన్నారు. ఆక్షేపించినవారూ, స్వరం మార్చి, ఆ మాటే అన్నారు. కాని తెర మీద నిశ్చిందిపూర్‌గా కనిపించే ఊరు మారుమూలది కాదు. పురోహితుడు హరిహర్ కాపురముండే శిథిలగృహం, దాని చుట్టూ వెదురుపొదలు, ఊరి బాటలు కలకత్తాకు దక్షిణపు అంచున, గరియాకు చేరువలో ఉన్న బోరాల్ అనే చిన్న గ్రామంలోవి. ఉదయం నగరంలో బయలుదేరిన చిత్రబృందం పగలంతా పనిచేసి, రాత్రికి ఎవరి ఇళ్ళకు వారు చేరుకోగలిగినంత దగ్గర.

షూటింగ్ జరిగిన స్థలాల ముచ్చట సాధారణంగా సినిమా పత్రికలకు విడిచిపెట్టవలసిన విషయం. ఇక్కడ మాత్రం అలా విడిచిపెట్టడానికి వీలులేదు. బోరాల్ కేవలం నేపథ్యంగా నిలిచిన ఊరు కాదు. ఆ చిత్రం చెప్పే కథను తన గోడలలో అప్పటికే అనుభవించిన ఊరు. నగరానికి ఇంత సమీపంలో ఉన్న గ్రామాన్ని నగరానికి ఎంతో దూరమైనదని లోకం నమ్మింది. ఆ నమ్మకంలో దర్శకుని నేర్పు ఎంత, చూసేవారి కోరిక ఎంత అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

మూలమైన నవల సంగతి ముందు చూడాలి. విభూతిభూషణ్ బందోపాధ్యాయ దానిని 1920లలో, భాగల్పూర్‌లో ఒక జమీందారీ ఎస్టేటు ఉద్యోగిగా ఉంటూ రచించారు. 'విచిత్ర' పత్రికలో ధారావాహికంగా వెలువడి, 1929లో అది గ్రంథరూపం ధరించింది. అదే ఉద్యోగకాలపు అరణ్యానుభవం తరువాత 'ఆరణ్యక్' అయింది. సూరంపూడి సీతారాం చేసిన 'వనవాసి' అనువాదం ద్వారా తెలుగు పాఠకులకు అది చిరపరిచితం. అంటే ఇచ్ఛామతీ తీరాన తాను పెరిగిన పల్లెను విభూతిభూషణ్ ఆ పల్లెలో కూర్చుని రాయలేదు. దూరాన ఉండి తలచుకొని రాశారు. నిశ్చిందిపూర్ అన్న పేరులోనే నిశ్చింత ఉంది. కథలో మాత్రం చింత లేని దినం ఒక్కటి కూడా వెతికి పట్టుకోవడం కష్టం. బెంగాలీ పాఠకుడు ఆ పేరు చదవగానే ఒక మందహాసం చేస్తాడు. ఉపశీర్షికల మీద ఆధారపడే ప్రేక్షకుడికి ఆ సౌఖ్యం లేదు.

నవలలోని ఊరికి చరిత్ర ఉంది. పాడుబడిన నీలిమందు కుఠీ ఉంది, నది ఉంది, కులీన బ్రాహ్మణుల బహుభార్యాత్వం మిగిల్చిన అనాథ వృద్ధురాలు ఇందిర్ ఠాక్రున్ ఉంది. నవల తొలిభాగానికి 'బల్లాలీ బాలాయి' అని పేరు పెట్టి, ఆ వృద్ధురాలి మరణంతో ఒక సామాజిక యుగం ముగిసిందని రచయిత స్పష్టంగా సూచించారు. రాయ్ చిత్రంలో నీలికుఠీ లేదు, ఇచ్ఛామతి లేదు. ఇందిర్ ఠాక్రున్ మాత్రం నవలలోకంటే చాలాకాలం బ్రతుకుతుంది. అపు, దుర్గ ఇద్దరూ ఆమె ఒడిలో కథలు వింటూ పెరుగుతారు. నవలలో ఆమె గతించిన యుగానికి ప్రతినిధి. చిత్రంలో ఆమె వార్ధక్యానికే ప్రతినిధి అయింది. ఈ మార్పు వల్ల చిత్రానికి కలిగిన లాభం అందరూ ఎరిగినదే. ఎనభై ఏళ్ళ చునీబాలా దేవి ముఖం ప్రపంచ చలనచిత్ర చరిత్రలో ఒక భాగమైంది. కాలాన్ని సూచించే గుర్తులు తగ్గిపోవడం వల్ల కలిగిన నష్టాన్ని మాత్రం ఎవరూ లెక్కకట్టలేదు.

కలకత్తాలో పుట్టి పెరిగిన రాయ్‌కు గ్రామజీవనంతో పరిచయం స్వల్పం. ఈ విషయాన్ని ఆయన ఎన్నడూ దాచలేదు. పల్లెను గురించి తనకు తెలియనిదంతా నవలే నేర్పిందని చెప్పుకొన్నారు. 1940లలో సిగ్నెట్ ప్రెస్ ప్రచురించిన పిల్లల సంక్షిప్త ప్రతికి బొమ్మలు గీస్తున్నప్పుడే ఆయనకు చిత్రాలోచన కలిగింది. వృత్తిరీత్యా ఆయన డి. జె. కీమర్ అనే ప్రకటనల సంస్థలో కళావిభాగపు ఉద్యోగి. 1952 అక్టోబర్ 27న తొలి దృశ్యాన్ని తీసే నాటికీ, ఆ తరువాత కూడా ఆ ఉద్యోగం కొనసాగింది. షూటింగ్‌కు దొరికినవి ఆదివారాలు, సెలవుదినాలు. సెలవు రోజున వెళ్ళి రాగలిగిన ఊరు కావాలి. నగర శివారులోని గ్రామాన్ని ఎంచుకోవడంలో కళాదృష్టి కంటే ముందు గుమాస్తా తీరిక పనిచేసిందని అనుకోవడం అసంగతం కాదు. గొప్ప కళాకృతుల వెనుక ఇటువంటి నిరాడంబరమైన కారణాలు ఉండడం వింతేమీ కాదు.

1953 ఆరంభానికి బోరాల్ నిర్ణయమైంది. అక్కడి ఇల్లు శిథిలావస్థలో ఉంది. దాని యజమాని కలకత్తాలో ఉండేవారు. నెలకు 50 రూపాయల అద్దెకు దానిని ఇచ్చారు. కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త ఆ ఇంటిని కథకు తగినట్లు సరిదిద్దారు. ఛాయాగ్రాహకుడు సుబ్రతా మిత్ర అప్పటికి ఇరవై రెండేళ్ళ యువకుడు. అంతకుముందు చలనచిత్ర కెమెరాను నడిపిన అనుభవం లేనివాడు. ఈ ముగ్గురూ కలసి ఆ ఇంటి పెచ్చులూడిన గోడలను, నాచుపట్టిన ఇటుకలను, వసారాలో పడే ఎండను తెరకెక్కించిన తీరు గురించి వేరే చెప్పనక్కరలేదు. చెప్పవలసినది మరొకటి ఉంది. ఆ శిథిలత్వాన్ని ఎవరూ కల్పించలేదు. అది బోరాల్ సొంతం. యజమాని నగరంలో, ఇల్లు పల్లెలో ఉండిపోయిన స్థితికి అది ప్రత్యక్ష సాక్ష్యం.

చిత్రం ముగింపును ఈ వెలుగులో మళ్ళీ చూడవలసి ఉంటుంది. దుర్గ మరణించింది. హరిహర్ తాతల నాటి ఇంటిని వదలి, భార్యనూ కొడుకునూ తీసుకొని కాశీకి బయలుదేరాడు. ఎడ్లబండి కదులుతుంది. నిర్జనమైన గృహంలోకి ఒక పాము నెమ్మదిగా ప్రవేశిస్తుంది. విమర్శకులు ఈ పామును విధికి, మృత్యువుకు, ప్రకృతి పునరాక్రమణకు ప్రతీకగా వ్యాఖ్యానించారు. అవన్నీ కావచ్చు. అయితే బోరాల్ ఇంటి దృష్ట్యా అది ప్రతీక కంటే ముందు సాదాసీదా వాస్తవం. కథలో చివరి దృశ్యంగా వచ్చే వలస, ఆ ఇంట్లో కెమెరా అడుగుపెట్టక ముందే జరిగిపోయింది. చిత్రం మొదటి ఘట్టం నుంచి ప్రేక్షకుడు చూస్తున్న పగుళ్ళు హరిహర్ పేదరికానివి అని కథ చెబుతుంది. ఆ ఇల్లు మాత్రం అవి ఇంటివారు వెళ్ళిపోయిన తరువాత ఏర్పడిన పగుళ్ళని చెబుతుంది. సర్వజయ తన జీవితమంతా ఎవరూ లేని ఇంట్లో కాపురం చేసినట్లు కనిపించడానికి, ఆ చిత్రంలో తొలి నవ్వులలో సైతం ఒక వియోగచ్ఛాయ ఉండడానికి ఇది ఒక కారణం. నగరానికి దూరంగా, నిండుగా బ్రతుకుతున్న ఏ పల్లెలోనో తీసి ఉంటే ఈ ఛాయ వచ్చేది కాదు.

బోరాల్ నుంచి నగరానికి వెళ్ళిపోవడం 1950ల నాటి సంగతి కూడా కాదు. బెంగాల్ పునరుజ్జీవనంలో ప్రముఖుడు, బ్రహ్మసమాజ నాయకుడు, అరవిందుని మాతామహుడు అయిన రాజనారాయణ బసు 1826లో ఈ గ్రామంలోనే జన్మించారు. చదువు కోసం కలకత్తా వెళ్ళి, హిందూ కళాశాలలో మైకేల్ మధుసూదన దత్తుకు సహాధ్యాయి అయ్యారు. 1874లో ఆయన వెలువరించిన గ్రంథం పేరు 'సేకాల్ ఆర్ ఏకాల్'. ఆ కాలం, ఈ కాలం అని అర్థం. మారిపోతున్న బెంగాలీ జీవితాన్ని రెండు కాలాలుగా విడదీసి తూచిన ఆ రచన, నగరానికి కూతవేటు దూరంలో పుట్టినవాని కలం నుంచి రావడం యాదృచ్ఛికం అనిపించదు. ఆ ప్రాంతపు నీటి చరిత్ర కూడా ఇటువంటిదే. గరియా మీదుగా సాగే ఆదిగంగ ఒకనాడు గంగ ప్రధాన ప్రవాహమార్గం. నది దారి మార్చుకోగా అది క్షీణించింది. 1770లలో టాలీ అనే ఆంగ్లేయ అధికారి దానిలో కొంత భాగాన్ని తవ్వించి నౌకాయానానికి పనికివచ్చే కాలువగా మార్చాడు. ఇటువంటి చోటును కాలం తాకలేదనడం సాహసమే.

అయినా చిత్రం చూసినవారికి అలాగే తోచింది. దీనికి రాయ్ కూర్పు విధానం కొంత కారణం. తెరమీది నిశ్చిందిపూర్ ఒకే ఊరు కాదు. పగటి ఇల్లు బోరాల్‌లో ఉంది. రాత్రి దృశ్యాలను కలకత్తా స్టూడియోలో తీశారు. అపు, దుర్గ తెల్లని రెల్లుపూల నడుమ పరుగెత్తి రైలును చూసే మైదానం అక్కడికి ఎంతో దూరంలో, బర్ద్వాన్ జిల్లాలోని పాల్సిట్ సమీపాన ఉంది. తొలినాడు సగం దృశ్యం తీసి మరుసటివారం వెళ్ళేసరికి ఆ పూలను పశువులు మేసివేశాయి. మిగిలిన సగం కోసం మరుసటి ఋతువు దాకా ఆగవలసి వచ్చింది. కథానుసారం పిల్లలు ఇంటి నుంచి అలుగుతూ, తగవులాడుకొంటూ, చెరకు నములుతూ పొలాల వెంట నడచి రైలుపట్టాలను చేరుకొంటారు. టెలిగ్రాఫ్ స్తంభానికి చెవి ఆనించి వింటారు. ఆ వినికిడిలోని ఆశ్చర్యం ఎంత నిజమైనదంటే, నగరపు రొద చేరనంత దూరంలో ఈ పిల్లలు పుట్టారని ప్రేక్షకుడు ప్రశ్నించకుండా అంగీకరిస్తాడు. నవలలో దుర్గ రైలును చూడకుండానే కన్నుమూస్తుంది. చిత్రంలో రాయ్ ఆమెకు రైలును చూపించారు. నవలలో తీరని కోరికగా మిగిలినది చిత్రంలో ఒక్కసారి మాత్రమే దక్కిన దర్శనం. అపు కళ్ళ ముందు నుంచి ఆ నల్లని యంత్రం గడచిపోయినప్పుడు, కెమెరా పట్టాలకు ఆవలి వైపున ఉండి, కదిలే చక్రాల మధ్య నుంచి ఆ పిల్లవాడిని చూస్తుంది. నగరం వైపు నుంచి పల్లెను చూసే చూపు అది. చిత్రంలో ఆ ఒక్క క్షణంలో రాయ్ తాను ఎటువైపు నిలబడి ఉన్నదీ దాచలేదు.

ఇక కాలం సంగతి. ఇది ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలకు చెందిన కథ. అంటే విడుదలైన నాటికే 'పాథేర్ పాంచాలీ' ఒక గతకాలపు చిత్రం. ఈ మాట అందరికీ తెలుసు. విమర్శ రాసేటప్పుడు మాత్రం ఎవరికీ గుర్తుండదు. 1956లో కాన్ చలనచిత్రోత్సవం దానికి ఉత్తమ మానవీయ పత్రం అనే అర్థమిచ్చే పేరుతో బహుమానమిచ్చింది. పత్రం అన్న పదంలోనే తిరకాసు ఉంది. కల్పనను సాక్ష్యంగా, గతాన్ని వర్తమానంగా స్వీకరించే అలవాటుకు ఆ గౌరవం ముద్రవేసింది. 1980లో రాజ్యసభ సభ్యురాలిగా ఉన్న నటి నర్గీస్, రాయ్ చిత్రాలు దేశ దారిద్ర్యాన్ని విదేశాలకు ఎగుమతి చేస్తున్నాయని ఆరోపించినప్పుడు ఆ వివాదం ఎంతో దూరం పోయింది. ఇరుపక్షాల వాదనలను ఇప్పుడు చదివితే ఒకటి స్పష్టమవుతుంది. ఆరోపించినవారూ సమర్థించినవారూ కూడా చిత్రంలోని పల్లెను నేటి పల్లెగానే భావించి మాట్లాడారు.

ప్రభుత్వం మాత్రం తక్కువ తిన్నదా? చిత్రం డబ్బులేక ఆగిపోయినప్పుడు పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి బిధాన్ చంద్ర రాయ్ చొరవతో రాష్ట్రప్రభుత్వం నిధులు సమకూర్చింది. గ్రామోద్ధరణకు సంబంధించిన డాక్యుమెంటరీ వంటిదనుకొని, ఆ మొత్తాన్ని రహదారుల అభివృద్ధి పద్దు కింద నమోదు చేశారన్నది ప్రసిద్ధమైన కథనం. పేరులో 'పథం' ఉన్నందుకు దక్కిన ఫలం! అధికారులను పరిహసించడానికే దీనిని సాధారణంగా చెబుతారు. వారి పక్షాన కూడా ఒక మాట ఉంది. చిత్రం తొలి దృశ్యం తీయడానికి సరిగ్గా ఇరవై అయిదు రోజుల ముందు, 1952 అక్టోబర్ 2న, దేశంలో సామూహికాభివృద్ధి పథకం ప్రారంభమైంది. పల్లె అనే మాట ఆనాడు ప్రతి కార్యాలయంలోనూ ప్రణాళికాభాషలోనే వినిపించేది. పైగా ఆ పద్దు రాసిన గుమాస్తా తెలియకుండానే ఒక సత్యం పలికాడు. బోరాల్ వంటి గ్రామం కథ నిజంగా రోడ్డు కథే.

ఆ రోడ్డు వెంట అప్పుడు ఎవరు నడుస్తున్నారన్నది చిత్రంలో లేదు. 1947 విభజన తరువాత తూర్పు బెంగాల్ నుంచి తరలివచ్చిన కాందిశీకులు కలకత్తా దక్షిణ శివార్లలో, జాదవ్‌పూర్, విజయగఢ్, గరియా ప్రాంతాలలో కాలనీలు కట్టుకొన్నారు. రాయ్ బృందం ఆదివారాలలో బోరాల్ వెళ్ళిన సంవత్సరాలలోనే ఆ పొలాలు, చిత్తడినేలలు వెదురు తడికల ఇళ్ళతో నిండుతున్నాయి. గతకాలపు కథలో వారికి చోటులేకపోవడం న్యాయమే. ఎవరూ దానిని లోపంగా ఎంచలేరు. కాని అదే మహానగరపు అంచును మరొక దర్శకుడు ఎలా చూశాడన్నది పక్కన పెట్టి చూస్తే రాయ్ కెమెరా పరిధి తెలిసివస్తుంది. ఋత్విక్ ఘటక్ 1960లో తీసిన 'మేఘే ఢాకా తారా' కలకత్తా శివారులోని కాందిశీకుల కాలనీ కథ. అందులోనూ చెట్టు ఉంది, నీటి ఒడ్డు ఉంది, రైలు ఉంది. అయితే ఆరంభదృశ్యంలోనే అన్న సంగీతసాధన చేస్తుండగా వెనుక నుంచి రైలు ఆ స్వరాన్ని కోసుకొంటూ పోతుంది. ఘటక్ పాత్రలకు రైలు అద్భుతం కాదు. వారిని ఆ ఒడ్డున తెచ్చి పడవేసిన ప్రపంచంలో ఒక భాగం. రాయ్ నిశ్శబ్దాన్ని ఏరుకొన్నారు, ఘటక్ రొదను ఏరుకొన్నారు. నగరపు అంచున రెండూ ఉన్నాయి.

తెలుగు ప్రేక్షకునికి మరొక పోలిక తడుతుంది. 1955లోనే తాపీ చాణక్య దర్శకత్వంలో 'రోజులు మారాయి' వచ్చింది. కళాస్థాయిలో ఈ రెంటినీ ఒకే త్రాసులో వేయడం ఎవరి ఉద్దేశమూ కాదు. కాని భూమి కోసం రైతు తగవుపడే ఆ తెలుగు పల్లెకు తన సంవత్సరం ఏదో తెలుసు. పేరులోనే అది కాలాన్ని ప్రకటించుకొంది. ప్రపంచం మెచ్చిన పల్లె మాత్రం సంవత్సరం లేని పల్లె. తరువాతి దశాబ్దాలలో ఉత్సవాల కోసం తయారైన అనేక చిత్రాలలో వెదురుపొద, చెరువు, ముడుతలు పడిన వృద్ధురాలు, దూరాన రైలు కూత యాంత్రికంగా పునరావృతమయ్యాయి. రాయ్ నుంచి వారు గ్రహించినది దృశ్యాలను. బోరాల్ గోడలలోని చరిత్రను కాదు.

బోరాల్ ఆ తరువాత తన దారిన తాను నడిచింది. 1986లో ఇరవై నాలుగు పరగణాల జిల్లా విడిపోగా అది దక్షిణ భాగానికి చెందింది. నేడు రాజ్‌పూర్-సోనార్‌పూర్ పురపాలక సంఘంలో ఉంది. 2009లో మెట్రో రైలు గరియా దాకా వచ్చింది. టాలీగంజ్ దాటిన తరువాత ఆ మార్గం ఆదిగంగ మీదుగానే సాగుతుంది. వంతెన స్తంభాలను కాలువ గర్భంలోనే నిలిపారు. రైలును చూడడానికి పిల్లలు పొలాలు దాటి పోవలసిన అవసరం ఆ ప్రాంతంలో లేదు. చిత్రం సంగతి వేరు. 1993లో లండన్‌లోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో దాని మూల నెగటివ్ తీవ్రంగా దెబ్బతిన్నది. కాలి, ముడుచుకుపోయిన ఆ చుట్టలను ఇటలీలోని బొలోన్యా నగరంలో నిపుణులు చేతులతో బాగుచేయగా, 2015లో పునరుద్ధరించిన ప్రతి వెలువడింది. పాత ప్రతులలో బూడిదరంగుగా కలిసిపోయిన గోడల మీద ఇప్పుడు ఇటుక ఇటుకా విడిగా కనిపిస్తుంది. ఆ ఇల్లు ఎంతకాలంగా ఒంటరిగా ఉందో ఇప్పుడు చూడదలచినవారు చూడవచ్చు.

రాయ్ స్వయంగా ఈ విషయాన్ని అక్కడితో వదలలేదన్నది ఆయన రెండవ చిత్రం 'అపరాజితో' చూస్తే తెలుస్తుంది. 1956లో వచ్చిన ఆ చిత్రంలో కాశీ నుంచి తిరిగివచ్చిన సర్వజయ మరొక పల్లెలో స్థిరపడుతుంది. ఆ ఇంటి ముందు నిలబడితే దూరాన రైలు కనిపిస్తుంది. కొడుకు చదువుకోసం కలకత్తా వెళతాడు, అచ్చుయంత్రశాలలో పనిచేస్తాడు, సెలవులకు వస్తాడు, క్రమంగా రావడం తగ్గిస్తాడు. నగరానికీ పల్లెకూ మధ్య దూరాన్ని ఇక్కడ మైళ్ళలో కాక ఉత్తరాలలో, రైలు వేళలలో కొలుస్తారు. 'పాథేర్ పాంచాలీ'లో గోడల పగుళ్ళుగా మాత్రమే నిలిచిపోయిన గృహస్థుని కథ, ఆ గృహం వైపు నుంచి, తల్లి కళ్ళతో చెప్పబడింది. చెట్టు కింద కూర్చుని ఆమె రైలు వచ్చే దిక్కు చూస్తుంటుంది. ఒక రాత్రి కొడుకు పిలిచినట్లయి, లేని ఓపిక తెచ్చుకొని లేచి వాకిటి దాకా వస్తుంది. బయట చీకటిలో చెరువు మీద మిణుగురులు తప్ప ఎవరూ లేరు.